గొట్టం కడిగిన నీళ్ళు

గొర్రె మెడను రెండు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, శౌరి బొటనవేలిని దాని నోటి మూలలోంచి లోపలికి దూర్చాడు. అక్కడ పళ్ళుండవు. వేలు తగలగానే గొర్రె నాలుక ఆడించింది, దవడ తెరుచుకుంది. వెదురు గొట్టం మూతి లోపలికి పోయింది. తల మరీ పైకెత్తకూడదు. ఎత్తితే మందు ఊపిరితిత్తుల్లోకి దిగి సాయంత్రానికి జీవం పోతుంది. కొంచెం పోసి, గొంతులో గుటక కదిలేదాకా ఆగి, మళ్ళీ కొంచెం పోశాడు.

"మింగు తల్లీ. బెల్లం కలిపాంగా, అంత మొహం పెట్టమాక."

గుటక పడింది. మోకాళ్ళు వదులు చేశాడు. వీపు మీద జాజుతో ఎర్రగుర్తు పెట్టిన ఆ గొర్రె తల విదిలించుకుని మందలో కలిసిపోయింది.

వెల్దుర్తి పశువుల ఆస్పత్రి వెనక ముళ్ళకంపతో కట్టిన దొడ్లు రెండు. ఒకదాంట్లో ఎర్రగుర్తు గొర్రెలు, రెండోదాంట్లో నీలంగుర్తువి. ఎర్రవాటికి పొద్దునా సాయంత్రం మోదుగ గింజల పొడి కలిపిన బెల్లం నీళ్ళు. నీలంవాటికి ఉత్త బెల్లం నీళ్ళు. మేత ఒకటే, నీడ ఒకటే, తాగే తొట్టి నీళ్ళూ ఒకటే. "రెండు దొడ్లకీ ఆ పొడి ఒక్కటే తేడా కావాలి శౌరీ. ఇంకే తేడా ఉండకూడదు," అని డాక్టరు కృపానందం మొదటిరోజే చెప్పాడు.

ఆ పరీక్షకు ఇవాళ తీర్పు. గుంటూరు నుంచి పెద్ద ఆఫీసరు జీపులో వస్తున్నాడు. ఒక్కో దొడ్డి నుంచి ఒక్కో గొర్రెను కోయించి పొట్టలో పురుగులు చూస్తాడు. ఎర్రదాని పొట్ట శుభ్రంగా ఉండి, నీలందాని పొట్ట నిండా పురుగులుంటే మోదుగ గింజ మందు కింద లెక్క. పల్నాడులో మోదుగ చెట్టు లేని డొంక లేదు. ప్రతి వానాకాలం వెళ్ళాక పురుగులతో చచ్చే గొర్రెలు ఊరూరా బతుకుతాయి. రెండు పొట్టలూ ఒక్కలాగే ఉన్నాయా, దొడ్లు పీకేసి గొర్రెలను తోలేయమని ఆఫీసరు ముందే కబురు పెట్టాడు. ఆకులూ గింజలూ అంటే ఆయనకు ఒళ్ళుమంట.

ఎర్ర దొడ్డి అయిపోయింది. శౌరి తొట్టి దగ్గరికి నడిచాడు. అది నడకలా లేదు. వాచిన పాదాలను ఒకదాని తర్వాత ఒకటి నేల మీద పెట్టి చూసుకుంటున్నట్టుంది. గొట్టంలో నీళ్ళు పోసి, మూతిని అరచేత్తో మూసి గట్టిగా కుదిపాడు. ఆ నీళ్ళు పారబోయలేదు. ఏనాడూ పారబోయలేదు. మందు తగిలిన నీళ్ళు నేల తాగితే ఆ మందు ఇక ఏ జీవానికీ పనిచేయదని అక్కడి గొల్లల నమ్మకం. కుర్రతనంలో, ఈ గొర్రెల ఆసామి ఆదెమ్మ తండ్రి దగ్గర గొట్టం పట్టడం నేర్చుకున్నప్పుడే శౌరికి ఆ పద్ధతీ అబ్బింది. గొట్టం కడిగిన నీళ్ళు ఎప్పుడూ అన్నిటికంటే నీరసంగా ఉన్న జీవానికి పట్టాలి.

అలాంటి జీవం నీలం దొడ్డిలో ఉంది. చెవి చీలిన చూడిగొర్రె. తెచ్చిన రోజున దాని దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడుతుండేది. ఇవాళ ఆ వాపు లేదు. ఆదెమ్మ కట్టిన వావిలాకు కట్టు వదులై మెడ మీదికి జారింది. శౌరి వేలు పెట్టకముందే అది నోరు తెరిచింది.

"అలవాటు పడ్డావే దొంగదానా," అని నవ్వుతూ కడుగు నీళ్ళు మొత్తం పట్టేశాడు. ఆదెమ్మ ఆకు మహిమ అనుకున్నాడు. తర్వాత అదే గొట్టంతో నీలం దొడ్డికంతా బెల్లం నీళ్ళు పట్టాడు.

పని అయ్యేసరికి శౌరి భార్య హన్నమ్మ వచ్చింది. చేతిలో మూత పెట్టిన కుండ. కుండలో ఆముదం రాసి వెచ్చచేసిన వావిలాకు. మొగుణ్ణి అరుగు మీద కూలేసి పాదాలు ఒళ్ళోకి లాక్కుంది. వేలితో నొక్కింది. నొక్కినచోట గుంట పడింది. ఎంతకీ పూడలేదు.

"ఏందయ్యా ఇది, పిండి ముద్దలాగుంది. రాత్రంతా కూసోనే ఉన్నావు, పడుకుంటే ఊపిరాడదంటివి. తెల్లారగానే గొర్రెలు, గొర్రెలు."

"ఇయ్యాల్టితో అయిపోద్దే."

"డాక్టరు బాబు చెప్పలా? ఇది ఆకుతో పోయే వాపు కాదు, గుండెది, గుంటూరు పెద్దాస్పత్రికి పొమ్మని?"

"ఆయన పశువుల డాక్టరు."

"నీకు ఆయన చాల్లే," అంది హన్నమ్మ కట్టు బిగిస్తూ. "రేపు బస్సెక్కకపోతే నేనే నీ మెడకు పలుపేసి తోలకపోతా."

ఈ పనిలోకి శౌరి జబ్బుల ఏడాది వచ్చాడు. పశువులకు పెద్ద రోగం తగిలి ఊళ్ళకు ఊళ్ళు తుడిచిపెట్టుకుపోతుంటే, కళేబరాలు గోతుల్లోకి లాగడానికి కూలి మనిషిగా పెట్టుకున్నారు. రోగం పోయింది. డాక్టర్లు వచ్చారు, పోయారు. శౌరి మిగిలాడు. కుడిచేతి బొటనవేలికి గోరు లేదు, ఒక గేదె తీసుకుంది. కూతురు ప్రేమమ్మ పెళ్ళినాడు శావల్యాపురం చర్చి గుడిలో ప్రమాణాలు కాగానే, ఎవరి ఎద్దుకో కడుపుబ్బిందంటే కొత్తచొక్కాతోనే పోయాడు. విందు ముగిశాక పేడ మరకతో తిరిగొచ్చాడు. వియ్యంకుడు ఇప్పటికీ దెప్పుతాడు. ఎవరేమన్నా, వెల్దుర్తి నుంచి మాచర్ల దాకా ఏ దొడ్డి ముందు నిలబడినా పిల్లలు సైతం గుర్తుపట్టి "గొట్టం శౌరొచ్చాడు" అని లోపలికి అరుస్తారు. ఆయనకున్న పేరు అదొక్కటే.

కంప అవతల నుంచి ఆదెమ్మ పిలిచింది. గొర్రెలన్నీ ఆమెవే. పోయిన ఏడు మందలో సగం పోయాక, మిగిలినవాటిని డాక్టరుకు అప్పగించింది. అప్పగించింది డాక్టరును చూసి కాదు, శౌరిని చూసి.

"అన్నా, కోసేది దేన్ని?"

"నాకేం ఎరుక. అయ్యగారు చూస్తారు."

"నా చెవిచీలిక చూడిది. దాన్ని కోస్తే రెండు పాణాలు పోతయి. నువ్వు మాటిచ్చినావు."

"ఇచ్చా. అయ్యగారికీ చెప్పా. చూడిదాన్ని ముట్టుకోరులే, పో."

ఆదెమ్మ పోలేదు. కంప పక్కనే కూలబడింది.

ఎండ ముదిరేసరికి కసాయి మహమూద్ వచ్చాడు. గుడ్డలో చుట్టిన కత్తులు తీసి, రాయి మీద నీళ్ళు చల్లి నూరడం మొదలుపెట్టాడు. కత్తి చప్పుడుకు రెండు దొడ్లలోనూ గొర్రెలు నెమరు ఆపాయి.

"శౌరన్నా, నీ కాళ్ళు చూస్తే గొర్రెలకన్నా ముందు నీకు పట్టాల్సింది ఆ మోదుగ నీళ్ళు."

"నువ్వు ముందు నీ కత్తి చూసుకోరా. పోయిన పండక్కి పొట్టేలు నీ కత్తికి నవ్విందంట."

మహమూద్ పగలబడి నవ్వాడు. అప్పుడే సాగర్ డ్యాముకు పోయే సిమెంటు లారీల దుమ్ము వెనక నుంచి జీపు బయటపడింది. నవ్వు ఆగిపోయింది.

ఆఫీసరు దిగాడు. తెల్లప్యాంటు, నల్ల కళ్ళద్దాలు. డాక్టరు కృపానందం ఎదురెళ్ళి నమస్కారం పెట్టాడు. నరసరావుపేట కుర్రాడు, మూడు పదులు నిండలేదు. పొద్దుట్నుంచి నీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. అంతకుముందు కాడి రాసుకుని మెడలు వాచిన ఎద్దులకు వావిలాకు కాపడం పెట్టి వాపులు తగ్గించాడు. ఆ ధైర్యంతోనే ఈ పరీక్షకు దిగాడు. ఆ ఎద్దుల సంగతి చెప్పబోతే ఆఫీసరు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఎద్దులు తర్వాత. గొర్రెలు చూద్దాం పదండి."

ఎర్ర దొడ్డిలో నాలుగైదింటి కళ్ళు విప్పి చూశాడు. రెప్ప లోపలి రంగు గులాబీగా ఉంది. తల ఊపాడు. నీలం దొడ్డిలోకి వచ్చాడు. పురుగులు రక్తం పీల్చేసి రెప్పలు పాలిపోయి సున్నం కొట్టినట్టున్నాయి. మళ్ళీ తల ఊపాడు. కృపానందం గట్టిగా ఊపిరి వదిలాడు. ఆఫీసరు బయటికి అడుగుపెట్టబోయి, చెవి చీలిన గొర్రె దగ్గర ఆగాడు. వంగి దాని రెప్ప కిందికి లాగాడు.

ఎర్రగా ఉంది.

"ఇదేమిటి? నీలంగుర్తే కదా ఇది? మందు లేకుండా ఇదెలా బాగుపడింది?"

కృపానందం ముఖం మారిపోయింది. "అదే మొదట్లో బాగా దెబ్బతిన్నది సర్. దవడ కింద వాపు కూడా ఉండేది."

"మరి వాపేది? నాకు ముందే అనుమానం. మీ మందు తాగినవీ బాగుపడ్డాయి, తాగనిదీ బాగుపడింది. వానలు తగ్గాక మేత దొరికితే వాటంతటవే కోలుకుంటాయి. మధ్యలో మోదుగ గింజకెందుకు పేరు?"

"శౌరీ!" కృపానందం అతని వైపు తిరిగాడు. "నిజం చెప్పు. దీనికి మందు పట్టావా?"

"లేదయ్యా." శౌరి మెడలోని జపమాల పట్టుకున్నాడు. "దేవుడి తోడు. నీలందానికి చుక్క మందు పట్టలేదు."

"సరే," అన్నాడు ఆఫీసరు. "దీన్నే కోయండి."

"సర్, అది చూడిది."

"డాక్టర్, ఒక దొడ్డిలో అన్నిటికీ భిన్నంగా ఉన్నదాన్ని వదిలేసి మామూలుదాన్ని కోస్తే అది పరీక్షా? దీని పొట్ట శుభ్రంగా ఉందంటే, ఇవాళే దొడ్లు పీకించండి."

కంప అవతల ఆదెమ్మ లేచి నిలబడింది. శౌరి వైపు చూస్తూ ఉండిపోయింది.

జీవాన్ని పట్టడం శౌరి పని. ఆయన పట్టకపోతే అది బెదురుతుంది, మరింత బాధపడుతుంది. కాళ్ళు కలిపి పడుకోబెట్టాడు. తల ఒళ్ళో పెట్టుకుని మూతి పట్టుకున్నాడు. మహమూద్ కత్తి తుడిచి పక్కన మోకరిల్లాడు. గొర్రె పెనుగులాడలేదు. ఒళ్ళో ఉన్నది శౌరి గనుక, అలవాటుగా నోరు తెరిచింది.

నోటి మూలలో గోధుమరంగు మడ్డి ఎండి అంటుకుని ఉంది.

శౌరి గోరులేని వేలితో దాన్ని గీకాడు. వాసన చూశాడు. మోదుగ. పొద్దున తాను పట్టిందే. కడుగు నీళ్ళు.

నోరు విప్పితే, అందరి ముందూ దేవుడి తోడని చెప్పిన మాట అబద్ధమవుతుంది. కృపానందం కష్టం తన చేత్తోనే చెడిందని తేలుతుంది. విప్పకపోతే పొట్ట శుభ్రంగా బయటపడుతుంది, మోదుగ గింజ ఇక్కడే పాతిపెట్టబడుతుంది. వచ్చే ఏడు వానల తర్వాత మళ్ళీ ఊరూరా కళేబరాలు లాగాలి.

మహమూద్ పెదాలు కదులుతున్నాయి. దేవుడి పేరు చెప్పి చెయ్యి ఎత్తాడు.

"ఆగు మహమూదూ!"

కత్తి ఆగింది.

"అయ్యా, దీనికి మందు తగిలింది."

ఆఫీసరు కళ్ళద్దాలు తీశాడు. "ఇప్పుడేగా లేదన్నావు?"

"మందు పట్టలేదయ్యా. కడుగు నీళ్ళు పట్టా."

"ఏం నీళ్ళు?"

శౌరి చెప్పాడు. ఎర్ర దొడ్డి అయ్యాక గొట్టం కడగడం, ఆ నీళ్ళు నేల పాలు చేయకపోవడం, నీరసంగా ఉన్నదానికి పట్టడం. పొద్దునా సాయంత్రం, మొదటిరోజు నుంచీ. చెబుతున్నంతసేపూ గొర్రె తల ఒళ్ళోంచి దించలేదు.

"కడుగు నీళ్ళలో మందెంతుంటుందయ్యా, వీడి మొహం!" అన్నాడు ఆఫీసరు.

కృపానందం గోడకు ఆనించిన గొట్టం తెచ్చాడు. అడుగున కణుపు దగ్గర దాకా వేలు పెట్టి గీకాడు. వేలి మీద మడ్డి వచ్చింది. చిక్కగా, గోధుమరంగులో. మోదుగ పొడి నీళ్ళలో కరగదు. ఒక్కో గొర్రెకు పట్టినప్పుడల్లా కాస్త కాస్త అడుగున పేరుకుపోయింది. ఎర్ర దొడ్డి మొత్తం వదిలేసిన మందు ఆ ఒక్కదాని పొట్టలోకి పోయింది. ఆయన ఆ వేలిని చాలాసేపు చూసుకున్నాడు. గొట్టం అడుగు చూడాలని ఆయనకూ తోచలేదు.

"దీన్ని లేపండి," అన్నాడు ఆఫీసరు విసుగ్గా. "ఇది ఎటూ కానిది. వేరేది తీయండి."

ఆయనే ఎంచాడు. ఎర్రది ఒకటి, నీలంది ఒకటి. మహమూద్ పని త్వరగా ముగించాడు. నీలందాని పొట్టలో నాలుగో అర విప్పగానే లోపల గోడంతా కదిలింది. ఎరుపూ తెలుపూ దారాలు పేనినట్టు సన్నటి పురుగులు, ఒకదాని మీద ఒకటి. ఎర్రదాని పొట్టలో వెతికితే అక్కడొకటి, ఇక్కడొకటి. ఆఫీసరు రెండు పళ్ళాల మీదా వంగి చాలాసేపు చూశాడు. లేచాక ఆయన గొంతులో వెటకారం లేదు.

"ఒక్క జత చూసి నేను ఏ మాటా చెప్పలేను. అందులోనూ గొట్టం ఒకటే. మళ్ళీ మొదటి నుంచి చేయండి డాక్టర్. దొడ్లు ఉండనీయండి. దొడ్డికో గొట్టం. పట్టే మనిషి మాత్రం వీడు కాకూడదు."

జీపు దుమ్ము లేపుకుంటూ పోయింది.

కృపానందం అరుగు మీద కూర్చున్నాడు. కోపం ఉంది, ఎవరి మీద చూపాలో తెలియడం లేదు.

"నోరు తెరిచిందంటే చాలు, ఖాళీగా మూయనీయవు కదా నువ్వు," అన్నాడు చివరికి.

"పొరపాటైపోయిందయ్యా."

"ఆ పొరపాటు నువ్వు దాచి ఉంటే ఇప్పటికి దొడ్లు ఉండేవి కావు. అదీ నాకు తెలుసు. కానీ రేపట్నుంచి గొట్టం నేను పడతాను శౌరీ. నువ్వు బస్సెక్కి గుంటూరు పో. ఉత్తరం రాసిస్తాను."

"అట్నే." శౌరి తన చేతుల వైపు చూసుకున్నాడు. "ఇయ్యాల సాయంత్రం పూట?"

"కలిపిన మందుంది. ఎర్రవాటికి నువ్వే పట్టు. నీలం దొడ్డికి మాత్రం చుక్క తగలకూడదు. చెవిచీలికను ఆదెమ్మకు ఇచ్చేయ్."

"మరి కడుగు నీళ్ళయ్యా?"

"పారబోయ్," అని కృపానందం లోపలికి పోయాడు.

పొద్దు వాలుతుండగా ఆదెమ్మ గొర్రె మెడకు తాడేసింది. జారిన వావిలాకు కట్టు సరిచేసింది.

"నా ఆకే అనుకున్నా అన్నా ఇన్నాళ్ళూ. మీ మోదుగదా మహిమ?"

"పైన నువ్వు కట్టావు, లోపల నేను పోశా. ఎవరిదైతే ఏంది, తోలకపో."

"ఈనితే మొదటి జున్ను హన్నమ్మొదినకే." రెండడుగులు వేసి వెనక్కి చూసింది. "నీ మొహం ఏంది అట్టా చెమట పోసింది? ఇంటికి పో అన్నా."

"ఈ నాలుగూ పట్టి పోతా."

ఆదెమ్మ మలుపు తిరిగింది. శౌరి ఎర్ర దొడ్డిలోకి దిగాడు. ఒక్కో గొర్రెకూ మధ్య కంప పట్టుకుని ఊపిరి తీసుకున్నాడు. అయినా తొందరపడలేదు. బొటనవేలు, గొట్టం మూతి, గుటక. చివరిదాని గుటక కూడా కదిలేదాకా ఆగి మోకాళ్ళు వదిలాడు. తొట్టి దగ్గరికి పోయి గొట్టంలో నీళ్ళు పోసి, అరచేత్తో మూసి కుదిపాడు.

నీలం దొడ్డిలో గొర్రెలు కంప దగ్గరికి వచ్చి నిలబడ్డాయి. వాటిలో ఒకదాని దవడ కింద కొత్తగా నీరు దిగుతోంది. శౌరి దాన్ని చూశాడు. ఒకడుగు అటు వేశాడు. ఆగాడు. గొట్టాన్ని నేల వైపు వంచాడు. మళ్ళీ నిలబెట్టాడు.

కాసేపు కూర్చుంటే తేలుతుందనుకున్నట్టు, గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు. గొట్టం మోకాళ్ళ మధ్య నిటారుగా, రెండు చేతులూ దాని మీద.

ఉత్తరం రాసి పట్టుకుని కృపానందం బయటికి వచ్చాడు. "శౌరీ, ఇదిగో, పెద్దాస్పత్రిలో..." అని ఆగిపోయాడు. దగ్గరికి వచ్చి వంగి, ఆఫీసరు గొర్రెలకు చూసినట్టే రెప్ప విప్పి చూశాడు. నాడి కోసం ముంజేయి పట్టుకున్నాడు. వదిలేశాడు. గేటు దాకా నడిచి, అటుగా పోతున్న మనిషిని హన్నమ్మ కోసం పంపి వచ్చాడు.

తర్వాత శౌరి వేళ్ళు ఒక్కొక్కటిగా విప్పి గొట్టం తీసుకున్నాడు. లోపల నీళ్ళు కదిలాయి. పారబోయడానికి వంచబోయాడు. చెయ్యి రాలేదు.

గోడ మూలన, వాలిపోకుండా ఆయన రెండు రాళ్ళు అడ్డం పెట్టి నిలబెట్టిన ఆ వెదురు గొట్టంలో, కడుగు నీళ్ళు అలాగే ఉన్నాయి.